గోడకి అవతల కూర్చున్న పిల్లలు

పోయినవారం పెద్దమ్మని నవ్వుతుండగా వదిలి వచ్చాం. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు కాలనీలో వేళ్ళమీద లెక్క. ఆ నవ్వు మర్నాడు పొద్దెక్కేదాకా కూడా నిలవలేదు. ఇప్పుడు చెప్పాల్సింది అదే.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అది ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ళ కాలనీ. వానలు వెనకబట్టగానే సంసారాలన్నీ గిన్నెలూ గుడ్డలూ మూటగట్టుకుని దూరాన ఉన్న బట్టీలకి పోతాయి. పెద్దవాళ్ళు మట్టి తొక్కుతారు, అచ్చు పోస్తారు. పిల్లలు ఆరేసిన పచ్చి ఇటుకల్ని తిప్పుతారు. పెద్దవాళ్ళ కాలు పడితే పచ్చి ఇటుక నలుగుతుంది, పిల్లల కాలికి నలగదు. అందుకని పిల్లలు లేకుండా బట్టీ నడవదు. ఇక్కడి బడిలోనేమో ఒక నిబంధన. వరసగా రెండు వారాలు రాని పిల్ల పేరు కొట్టేస్తారు. తిరిగొచ్చాక కొత్తగా చేరాలి, చదివిన క్లాసే మళ్ళీ చదవాలి. అట్లా చదివీ చదివీ ఆ క్లాసుకి వయసు దాటిందా, ఇక గేటు తీయరు.

ఈ నిబంధన మార్చమని అచ్చులు పోసే పెద్దమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగింది. బట్టీకి పోయేటప్పుడు పిల్లకి బడి నుంచి ఒక చీటీ ఇవ్వండి, అది చూపించి అక్కడి బడిలో కూర్చుంటుంది, ఇక్కడ పేరు ఉన్నచోటే ఉండనివ్వండి. అడిగింది ఇంతే. కూర్చోమన్నవాడు లేడు. చివరికి కాలనీ అంతా ఒక్కమాట మీద నిలబడి పిల్లల్ని బడి మాన్పించింది. దాంతో పై అధికారి కదిలాడు. తానే వచ్చి వింటానని కబురు పెట్టాడు. ‘గెలిచాం. రేపు పిల్లల్ని బడికి పంపండి’ అంది పెద్దమ్మ. అప్పుడు నవ్వింది.

తెల్లారేసరికి ప్రతి కుళాయి దగ్గరా తలదువ్వుడే. ముఖాలు తోమీ తోమీ పిల్లల బుగ్గలు కందిపోయాయి. పిల్లలు ముందు, తల్లులు వెనక, పని పోతే పోయిందని తండ్రులు ఆ వెనక. అందరికంటే ముందు మైకు నడిచాడు. ఆయన అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో. వీధి ఆ చివర్నించి పిలిస్తే ఈ చివర నిద్రపోతున్న పిల్ల లేచి కూర్చునే గొంతు. ఆయన వేలు పట్టుకుని కూతురు. కళ్ళద్దాలు పెట్టుకుంటుంది కాబట్టి అందరికీ కళ్ళద్దాలే. ఆ పిల్ల క్లాసులో అందరికంటే పొడుగు. రెండుసార్లు పేరు కొట్టేయించుకుని అక్కడిదాకా వచ్చింది మరి.

గేటు మూసి ఉంది. లోపల వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. కాలనీవాళ్ళు అతన్ని తాళంకప్ప అంటారు. అతనూ పలుకుతాడు.

“ఏరా తాళంకప్పా! గెలిచినవాళ్ళకి కూడా గేటు తీయవా?” అన్నాడు మైకు.

“తీయొద్దన్నారన్నా.”

“ఎవరు?”

“లోపల్నించి. పేరున్న పిల్లనే పంపమన్నారు.”

“పేరులేని పిల్ల ఎక్కడుందిరా? అందరికీ పుట్టగానే పెట్టాం. మీ అమ్మ నీకు పెట్టడం మర్చిపోయింది గానీ.”

జనం గొల్లున నవ్వారు. ఆ పొద్దుటికి అదే ఆఖరి నవ్వు.

తాళంకప్ప నవ్వలేదు. అతను నవ్వకపోవడం పెద్దమ్మ చూసింది. ముందుకొచ్చి గేటు ఊచలు పట్టుకుంది. పట్టుకున్న చేతులు చూడాలి. ఏళ్ళ తరబడి తడి ఇసుకలో అచ్చు తిప్పీ తిప్పీ వేళ్ళ చివర్లు అరిగి నున్నగా అయిపోయాయి.

“టీచరమ్మని పిలువు నాయనా” అంది.

పిలవక్కర్లేకపోయింది. పెద్ద టీచరమ్మ మెట్లు దిగి వస్తోంది. ఆవిడది మంచి మనసేనని కాలనీలో అందరూ ఒప్పుకుంటారు. కొట్టే చెయ్యి కాదు, కసిరే నోరు కాదు. ఆ పొద్దున మాత్రం ముఖం ఉతికి పిండిన గుడ్డలా ఉంది.

“పెద్దమ్మా, వీళ్ళ పేర్లు లేవు” అంది.

“లేకపోవడం ఏంటమ్మా?”

“రెండు వారాలు దాటింది. కొట్టేశారు. నేను కాదు, పైన ఆఫీసులో. ఆఖరి రోజుదాకా ఆపమని బతిమాలాను.”

పెద్దమ్మ రోడ్డు అవతలికి చెయ్యి చూపింది. “వీళ్ళు ఊరు దాటి పోలేదు కదమ్మా! మీ కళ్ళెదురుగా కూర్చున్నారు కదా!”

నిజమే. రోజూ కూర్చున్నారు. రోడ్డుకి అవతలి పక్కన, బడి గోడకి ఎదురుగా. క్లాసుల వారీగా, చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు వెనక, ఒళ్ళో పలకలతో, పుస్తకాలతో. గంట కొట్టగానే వచ్చేవాళ్ళు, గంట కొట్టగానే లేచేవాళ్ళు. అట్లా కూర్చోబెట్టింది పెద్దమ్మే.

బట్టీలో మాట పట్టింపు వచ్చి పని ఆపితే ఎవరూ ఇంటికి పోరు. ఎవరి అచ్చు పక్కన వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటారు. అచ్చు పక్కన మనిషి కనబడినంతకాలం ఆ మనిషి పనిలో ఉన్నట్టే. మేస్త్రి వస్తాడు, తలలు చూసుకుంటాడు, నాలుగు తిట్లు తిట్టి పోతాడు. పేరు మాత్రం తీయడు. పేరు పోయేది చెప్పకుండా బట్టీ వదిలిపోయినవాడికే. ఏ బట్టీకి పోయినా ఇదే పద్ధతి. రాసి పెట్టినవాళ్ళు లేరు, మీరినవాళ్ళూ లేరు. బడి కూడా అంతేననుకుంది పెద్దమ్మ. కనబడుతున్నాం కదా, ఎవరూ ఎక్కడికీ పోలేదు కదా అనుకుంది. ఒక్కరికి కూడా అడిగి చూద్దామని తోచలేదు. తెలిసిన సంగతిని ఎవరు అడుగుతారు?

“కిటికీలోంచి మీరు రోజూ చూశారు” అంది పెద్దమ్మ. “ఒకరోజు నాకు చెయ్యి కూడా ఊపారు.”

“ఊపాను” అంది టీచరమ్మ. “గోడకి ఇవతల కూర్చుంటేనే వచ్చినట్టు పెద్దమ్మా. అవతల కూర్చుంటే రానట్టే.”

“మధ్యలో ఒక గోడ. అంతేనా?”

“అంతే.”

అప్పటికి వెనకవాళ్ళకి సంగతి పాకింది. గుసగుసలు పెరిగాయి. ఎవరో ఒక తల్లి పిల్లాడి తలమీద చెయ్యి వేసి అట్లాగే నిలబడిపోయింది. దువ్విన పాపిడి చెదిరిపోతోంది, ఆవిడ చూసుకోవడం లేదు.

టీచరమ్మ జనంలోకి చూసింది. చూపు కిందికి దింపుకుని, “పిచ్చుకా, నువ్వు రా అమ్మా” అంది.

పిచ్చుక పెద్దమ్మ మనవరాలు. ఒక్కచోట నిలవదని ఆ పేరు. అప్పుడు మాత్రం నానమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడిపోయింది.

“నేనొక్కదాన్నేనా?” అంది.

“నువ్వొక్కదానివే.”

తాళంకప్ప గేటు చిన్నగా తీశాడు, ఒక పిల్ల పట్టేంత. పిచ్చుక నానమ్మ ముఖంలోకి చూసింది. పిల్ల కదా, గేటు తెరుచుకుంటే లోపలికి పోయింది. గేటు పడింది.

పెద్దమ్మ వెనక్కి తిరిగింది. కాలనీ కాలనీ అంతా ఆవిడ్నే చూస్తోంది.

“ఇదేంటి పెద్దమ్మా?” అంది పక్కింటి చిన్నమ్మ. ఆ గొంతులో కోపం ఇంకా రాలేదు, వస్తూ ఉంది.

“నాకు తెలీదు.”

“నీ మనవరాలు మా పిల్లల పక్కనే కూర్చుంది రోజూ. నా కూతురి జడ లాగుతూ కూర్చుంది. మా పేర్లు పోయి దాని పేరెట్లా ఉంది?”

“తెలీదంటున్నాగా.”

“బేరం ఏ రోజు కుదిరింది పెద్దమ్మా? మమ్మల్ని రోడ్డు మీద కూర్చోబెట్టకముందా, తర్వాతా?”

పెద్దమ్మకి నోటికి మాట కరువైన మనిషి అని ఎవరూ పేరు పెట్టలేదు. బట్టీ యజమానుల్నే గడగడలాడించింది. ఇప్పుడు మూసిన గేటుకి వీపు ఆనించి నిలబడింది. మైకు కూడా అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్న కూతురి భుజం పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, నడుచుకుంటూ పోయాడు.

పెద్దమ్మ ఇంటికొచ్చేసరికి కోడలు పెరట్లో కూర్చుని అచ్చులు కడుగుతోంది. కొడుకు అప్పటికే బట్టీకి పోయాడు, జాగా చూసుకోవడానికి. ఇంట్లో ముగ్గురే ఆడవాళ్ళు. ఈ కోడలు మాటల మనిషి కాదు. ఉప్పు కావాలన్నా కళ్ళతోనే అడుగుతుంది. అత్త మాట తీసేసిన రోజు లేదు. కాలనీలో అత్తలందరూ ఆవిణ్ణి చూపించి తమ కోడళ్ళని దెప్పుతుంటారు.

“పిచ్చుక్కి గేటు తీశారు” అంది పెద్దమ్మ.

కోడలు తల ఎత్తలేదు. “తీశారా” అంది. అచ్చు మూలలో ఎండిన మట్టిని పుల్లతో గీకుతోంది.

“మిగతావాళ్ళకి తీయలేదు.”

ఇప్పుడు తలెత్తింది. “ఎవరికీనా?”

“ఎవరికీ.”

పుల్ల ఆగింది. కోడలి ముఖంలో వచ్చిన రంగు చూసి పెద్దమ్మకి సంగతి సగం తెలిసిపోయింది. మిగతా సగం తెలుసుకోవాలని లేదు. తప్పదు కాబట్టి కూర్చుంది.

“ఏం చేశావే?”

కోడలు చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

“మొన్న సాయంత్రం టీచరమ్మ దారిలో కనబడింది. పేర్లు కొట్టేశారని చెప్పింది. ఒక్క సందు ఉందంది. పిల్ల తనంతట తాను మానకుండా, తల్లిదండ్రులు మాన్పించకుండా, బయటివాళ్ళు ఎవరైనా బలవంతంగా ఆపితే, ఆ పేరు మళ్ళీ ఎక్కిస్తారట. తల్లో తండ్రో వచ్చి ఆ మాట చెప్పి వేలిముద్ర వేయాలట.”

“బలవంతంగా ఆపిందెవరు?”

కోడలు మళ్ళీ పుల్ల అందుకుంది.

“ఎవరని చెప్పావే?”

“మా అత్త అని.”

పెరటి గోడ మీద కాకి ఒకటి వచ్చి వాలింది. ఇద్దరూ దాన్నే చూశారు. అది ఎగిరిపోయాక చూడ్డానికి ఏమీ లేకపోయింది.

“నేను బలవంతం చేశానా?” అంది పెద్దమ్మ. గట్టిగా అనలేదు. నిజంగానే అడిగింది.

“నన్ను అడగలేదు” అంది కోడలు. “పిల్లని కూర్చోబెడుతున్నా అన్నావు. కూర్చోబెట్టమంటావా అని అడగలేదు.”

“అడిగితే వద్దనేదానివా?”

“వద్దనేదాన్ని కాదు. నీ ముందు నోరు పెగలదు నాకు. అందుకే అడగాల్సింది.”

ఆ మాట పెద్దమ్మకి తగలాల్సిన చోటే తగిలింది. ఇన్నేళ్ళూ కోడలు ఎదురు చెప్పకపోతే ఒప్పుకుంటోందనుకుంది.

“నాతో ఒక్కమాట చెప్పాల్సింది” అంది. “టీచరమ్మ నాకు చెప్పొద్దందా?”

“నీకు చెప్పమనే అంది. అందరికీ చెప్పించమంది. నేనే చెప్పలేదు. చెప్తే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను వేలు పెట్టలేను. మిగతావాళ్ళకి టీచరమ్మే చెప్తుందనుకున్నా.” ఆగి, మళ్ళీ తనే అంది. “నా పేరు మూడుసార్లు కొట్టేశారత్తా. నీకు తెలీదు, అప్పటికి నేను మీ ఇంటికి రాలేదు. ఒకే క్లాసు, ఒకే పుస్తకం. మొదటి పాఠం చూడకుండా చెప్పేదాన్ని, చివరి పాఠం ఏంటో ఇప్పటికీ తెలీదు. మూడోసారి పక్కన కూర్చున్న పిల్లలు అక్కా అని పిలిచారు. ఇంకో ఏడాది పోతే పిన్నీ అంటారని మానేశా.”

ఇంకెప్పుడైనా అయితే పెద్దమ్మ నవ్వేది. కోడలు ఇంత పొడుగు మాట్లాడ్డం ఆవిడ ఎప్పుడూ వినలేదు. విన్న మొదటిసారే ఇట్లా వినాల్సి వచ్చింది.

“తిట్టు” అంది కోడలు. “కొట్టినా పడతా. తీసిన పేరు ఎక్కింది. ఇంక నన్నేం చేసినా పర్లేదు.”

పెద్దమ్మ లేచింది. నీళ్ళలో నానుతున్న అచ్చుని తీసి, బోర్లించి, నీడలో పెట్టింది. ఎండలో పెడితే కర్ర పగులుతుంది. ఏం మునిగిపోయినా చెయ్యి తన పని చేసుకుంటూ పోతుంది కదా.

“ఎక్కడికత్తా?”

“కుళాయి దగ్గరికి. వాళ్ళకి చెప్పాలి.”

“నేనన్న సంగతా?”

“సందు ఉందన్న సంగతి.”

కుళాయి దగ్గర జనం ఎవరూ పనికి పోలేదు, ఎవరూ ఇంటికి పోలేదు. పిల్లలు బడి బట్టల్లోనే మట్టిలో ఆడుతున్నారు, ఏయ్ బట్టలు అని కసిరే ఓపిక ఎవరికీ లేదు. పెద్దమ్మ రావడం చూసి మాటలు ఆపారు.

ఆవిడ నిలబడే చెప్పింది. కోడలు చెప్పిందంతా, కోడలు పేరు దాచకుండా చెప్పింది. “మీరూ పోండి. పెద్దమ్మ బలవంతంగా ఆపిందని చెప్పి వేలిముద్ర వేయండి. పిల్లల పేర్లు ఎక్కుతాయి” అంది.

పక్కింటి చిన్నమ్మ ఒక్కసారిగా ఏడ్చింది. “పొద్దున్న ఏదో వాగాను పెద్దమ్మా. నీ మీద అట్లా ఎట్లా చెప్తాం? మా చేత్తో మేం కూర్చోబెట్టుకున్నాం. నాలుక పడిపోదా?”

“పడిపోదు” అంది పెద్దమ్మ. “చాలామంది నాలుకలు చూశాను, ఒక్కటీ పడిపోలేదు.”

“నిన్ను స్టేషన్‌కి లాక్కుపోతే?”

“అక్కడ అచ్చు పోయమనరు. కూర్చోబెడతారు. నాకూ కూర్చోవాలనే ఉంది.”

వద్దు వద్దన్నారు. చచ్చినా వేలు పెట్టం అన్నారు. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయితే వద్దన్న ప్రతివాళ్ళూ అంటూ అంటూ తమ పిల్లల వైపు చూశారు. పెద్దమ్మ అది గమనించింది. మొదట ఒక తల్లి మెల్లగా లేచి, ఇంట్లో పొయ్యి మీద ఏదో ఉందంటూ పోయింది. ఆవిడ ఇల్లు తూర్పున, నడిచింది పడమటికి, బడి వైపు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత సాకులు చెప్పడం కూడా మానేశారు. పొద్దు నడినెత్తికొచ్చేసరికి కుళాయి దగ్గర పెద్దమ్మ ఒక్కతే ఉంది. నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. కట్టేద్దామని తిప్పింది. మర పాడైపోయి చాన్నాళ్ళయింది, తిరిగింది గానీ నీళ్ళు ఆగలేదు.

పొమ్మన్నది తనే. అయినా అంత తొందరగా పోతారనుకోలేదు.

మధ్యాహ్నం తిరుగుముఖం పట్టినవాళ్ళు ఆవిడ ఇంటి ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. ఎడమచెయ్యి కొంగులో, చంకలో, జేబులో దాచుకుంటూ పోయారు. వేలికంటిన సిరా అంత సులువుగా పోదు. పక్కింటి చిన్నమ్మ మాత్రం ఆగింది. “నువ్వే చెప్పావు కదా పెద్దమ్మా. తప్పు లేదు కదా” అంది. ఆవిడకి వేలిముద్ర ఒక్కటే చాల్లేదు, దీవెన కూడా కావాల్సి వచ్చింది.

“లేదు, పో” అంది పెద్దమ్మ.

బడి వదిలాక టీచరమ్మ తనే వెతుక్కుంటూ వచ్చింది. బోర్లించిన అచ్చు మీద కూర్చోబోతే కోడలు పీట వేసింది.

“నన్ను తిట్టుకో పెద్దమ్మా” అంది టీచరమ్మ. “ఎంత వెతికినా నాకు దొరికిన సందు ఇదొక్కటే. గేటు దగ్గర అందరి ముందూ నీ మీద చెప్పమనడానికి నోరు రాలేదు.”

“తిట్టుకోడం ఎందుకమ్మా. ఉన్న సందు చూపించారు.”

“ఇంకో మాట ఉంది. అది మీ కోడలికి చెప్పలేదు, అప్పటికి నాకూ తెలీదు.” టీచరమ్మ చెప్పలేక చెప్పింది. “రేపు అధికారి వస్తున్నాడు. వీళ్ళందరి మాటా రాసుకుని, ఆఖర్న నిన్ను పిలిచి ఒక్కటే అడుగుతాడు, బలవంతం చేశావా అని. నువ్వు అవునంటే పేర్లన్నీ ఎక్కుతాయి.”

“అంటాను.”

“పూర్తిగా విను. అవునన్నావా, ఈ ఉద్యమం అంతా బలవంతం మీద నడిచినట్టు తేలుతుంది. నిబంధన మార్చమని మీరిచ్చిన అర్జీ పక్కన పడేస్తారు. ఇక ఆ మాట ఎవరు ఎత్తినా ఇదే చూపిస్తారు. వచ్చే ఏడు మీరు బట్టీకి పోతారు, వచ్చేసరికి మళ్ళీ ఇవే పేర్లు కొట్టేస్తారు.”

“కాదంటే?”

“కాదంటే అర్జీ నిలుస్తుంది. వింటాడు, మార్చొచ్చు, మార్చకపోవచ్చు. కానీ ఇవాళ వేలిముద్రలు వేసినవాళ్ళంతా అబద్ధం చెప్పినట్టు. పేర్లు పోయినట్టే. వాళ్ళమీద ఏం రాస్తారో నాకు తెలీదు.”

పెద్దమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది. “ఇందులో ఆలోచించేదేముందమ్మా” అంది. “పిల్లలకి ఈ ఏడు ముందు. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు. అవునంటాను.”

టీచరమ్మ లేవలేదు.

“మైకు రాలేదు పెద్దమ్మా” అంది. “అందరూ వచ్చారు, ఆయన రాలేదు. వచ్చినా లాభం లేదని ఆయనకి తెలుసు. పేరు మళ్ళీ ఎక్కించడమంటే కొత్తగా చేర్చుకున్నట్టు లెక్క. మిగతా పిల్లలకి వయసు సరిపోతుంది. ఆ కళ్ళద్దాల పిల్లకి దాటింది. ఆ పిల్లకి ఈ సందులోంచి దారి లేదు. నిబంధన మారితేనే, అసలు పేరు పోనట్టే అంటేనే, మళ్ళీ బడి.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “నా సర్వీసులో అట్లాంటి పిల్ల ఒక్కతే తగిలింది. అందరూ ఆ పిల్ల దగ్గర చెప్పించుకుంటారు లెక్కలు. ఒక్కోసారి నేనూ.”

ఆ మాట చెప్పి టీచరమ్మ వెళ్ళిపోయింది. పెద్దమ్మ కదల్లేదు. కోడలు అన్నం పెట్టి పిలిచింది. రెండోసారి పిలవలేదు.

ఎండ వాలుతుండగా ఇంట్లో పిచ్చుక చదువుకోవడం మొదలుపెట్టింది. క్లాసులో ఒక్కతే కూర్చుని నేర్చుకొచ్చిన పాఠం. ఎదురుగా ఎవరూ లేకపోతే గొంతు ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంది ఆ చదువు. మధ్యలో ఒకచోట తడబడింది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అక్కడే తడబడింది.

వాకిట్లోంచి ఎవరో ఆ మాట అందించారు. పిచ్చుక దాన్ని అందుకుని ముందుకు పోయింది.

పెద్దమ్మ తలెత్తి చూసింది. కళ్ళద్దాల పిల్ల గడప బయట నిలబడి ఉంది. పొద్దుటి బడి బట్టలు ఇంకా మార్చుకోలేదు.

“లోపలికి రావే.”

“వద్దు పెద్దమ్మా. నాన్నకి చెప్పకుండా వచ్చా.”

“నాన్న ఏం చేస్తున్నాడు?”

“ఏం చేయట్లేదు. పొద్దున్నించి ఒక్కమాట మాట్లాడలేదు. అమ్మకి భయమేస్తోంది.” పిల్ల ఒక కాలితో ఇంకో కాలు రుద్దుకుంది. “రేపు నన్ను కూడా బట్టీకి తీసుకుపోతాడంట. నాకేమో ఇటుకలు తిప్పడం రాదిప్పుడు. కాలు పెడితే నలుగుతున్నాయి. పెద్దదాన్నయ్యా కదా.”

పెద్దమ్మ కాస్త జరిగింది. పక్కన కూర్చోమని నేల మీద చేత్తో తట్టింది. పిల్ల కూర్చోలేదు.

“టీచరమ్మ ఇటు రావడం చూశా” అంది. “ఎందుకొచ్చిందో కూడా తెలుసు. గేటు దగ్గర తాళంకప్ప మామ చెప్పాడు. రేపు నిన్నొకటే అడుగుతారంట కదా.”

“అవునే.”

“నువ్వు నిజమే చెప్తావు కదా పెద్దమ్మా? రోడ్డు మీద కూర్చోమన్నప్పుడు నువ్వెవర్నీ బలవంతం చేయలేదు. నన్నడిగావు. కూర్చుంటావా అని నన్ను మాత్రం అడిగావు. నేనే కూర్చుంటానన్నా.”

ఇంట్లో పాఠం ఆగిపోయింది. పిచ్చుక పుస్తకం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. దాని వెనక కోడలు. ఇద్దరూ పెద్దమ్మ వైపే చూస్తున్నారు. వాలుపొద్దు ఆ పిల్ల అద్దాల మీద పడుతోంది, వెనకున్న కళ్ళు కనబడటం లేదు.

“చెప్పు పెద్దమ్మా” అంది కళ్ళద్దాలు. “రేపు ఏమంటావు?”

పెద్దమ్మ కోడల్ని చూసింది. గడప బయటి పిల్లని చూసింది. నోరు తెరిచింది.